జూన్ మొదటి వారంలో విశాఖలో చేపల భోజనం: ఇద్దరు మిత్రులకు నా సలహా

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరూ మీ మిత్రుడూ జూన్ మొదటి వారంలో హైదరాబాదు నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి అరకు వెళ్తున్నారు. ఒక పూట మంచి సీఫుడ్ రెస్టారెంటులో తృప్తిగా భోంచేయాలని ఉంది. మీకు చేపలు చిన్నప్పటి నుంచి అలవాటు. మీ మిత్రునికి ముళ్ళంటే భయం, పైగా ఒకసారి రొయ్యలు తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. మెనూలో సగం వంటకాల ఎదురుగా అంకె లేకుండా ‘సైజును బట్టి ధర’ అని ఉండటం మిమ్మల్ని జంకిస్తోంది. ఏ రెస్టారెంటుకు వెళ్ళాలి, ఏం ఆర్డరు చేయాలి అని అడిగారు.

నేను విశాఖలో చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో చాలా కాలం పనిచేసినవాడిని. రేవులో దిగిన సరుకు హోటలు వంటగదికి చేరేలోపు ఏమేం జరుగుతుందో దగ్గర నుంచి చూశాను కనుక ఈ సమాధానం కొంచెం వివరంగా రాస్తున్నాను. రెస్టారెంటు పేరు మాత్రం చెప్పను. వంటమాస్టర్లు మారుతుంటారు, సరుకు వేసేవాళ్ళు మారుతుంటారు. పోయిన ఏడాది మెచ్చుకున్న చోటే ఈ ఏడాది నిరాశ కలగవచ్చు. పేరు తెలియడం కన్నా, కూర్చున్న తరువాత ఏమడగాలో తెలియడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మెనూ చదవడానికి ముందు ‘ఈ రోజు ఏం వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది’ అని అడగండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మీరు ఎంచుకున్న రోజుల గురించి ముందుగా చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవలూ మోటారు బోట్లూ వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం ఇది. తెడ్లతోనూ తెరచాపతోనూ నడిచే సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు ఉంది. మే నెలలో అయితే పడమటి తీరం నుంచి మంచులో పెట్టిన చేపలు లారీల్లో వస్తాయి. కానీ ఆ తీరంలోనూ జూన్ 1 నుంచి జూలై 31 వరకు నిషేధమే. అంటే జూన్ 1 నుంచి 14 దాకా దేశపు రెండు తీరాల్లోనూ పెద్ద పడవలు దాదాపు అన్నీ ఒడ్డునే ఉంటాయి. ఏడాది మొత్తంలో సముద్రపు చేపకు ఇంతకన్నా కరువు రోజులు లేవు, మీ ప్రయాణం సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది.

దీనివల్ల భోజనం మానుకోవలసిన అవసరం లేదు, ఏం తినాలన్న ఆలోచన మార్చుకుంటే చాలు. ఆ వారంలో ఎవరైనా ‘ఇప్పుడే రేవు నుంచి వచ్చిన వంజరం’ అని చెబితే నమ్మకండి. విశాఖలో కోనాం అని పిలిచే ఆ చేప పెద్ద వలలకు, దూరపు వేటకు చిక్కేది. జూన్ మొదటి వారంలో మీ పళ్ళెంలోకి వచ్చే వంజరం ముక్క దాదాపు తప్పకుండా శీతల గిడ్డంగి నుంచి వచ్చినదే. శీతల గిడ్డంగి చేప చెడ్డదని నా ఉద్దేశం కాదు. పట్టిన వెంటనే గడ్డకట్టించి, సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంచిన చేప, మంచు కరిగిపోతూ రెండు మూడు రోజులు బల్ల మీద పడి ఉన్న ‘తాజా’ చేప కన్నా ఎంతో మేలైనది. అయితే దాన్ని దాచిపెట్టి, తాజా సరుకు ధరకు అమ్మడం అన్యాయం. ‘ఇది స్టాకులో ఉన్నదేనండీ, తాజాది కావాలంటే పండుగప్ప తీసుకోండి’ అని తనంతట తాను చెప్పే చోటు దొరికితే, ఇంకేమీ ఆలోచించకుండా అక్కడే కూర్చోండి. ఆ ఒక్క మాట ఆ వంటగది గురించి చాలా చెబుతుంది.

మరి ఆ వారంలో నిజంగా తాజాగా దొరికేవి ఏవి? మొదటిది పండుగప్ప. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతికే ఈ చేపను కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచుతారు కనుక వేట నిషేధంతో దీనికి సంబంధం లేదు. కండ తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతుంది. నడిమి ముల్లు గట్టిగా ఒక్కటిగా ఉండి, చిన్న ముళ్ళు తక్కువగా ఉంటాయి. ముళ్ళంటే భయపడే మీ మిత్రునికి ఇంతకన్నా అనువైన చేప ఆ రోజుల్లో దొరకదు. చెరువు చేపకు ఒక్కోసారి మట్టివాసన ఉంటుంది. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థం చేప కొవ్వులో చేరడం వల్ల ఆ వాసన వస్తుంది. అది ఆరోగ్యానికి హాని చేయదు, చింతపండు, నిమ్మకాయల పులుపుకు చాలావరకు తగ్గిపోతుంది కూడా. అందుకే చెరువు చేపను పులుసుగా గాని, నిమ్మరసం బాగా పట్టించిన వేపుడుగా గాని చేయించుకోవాలి.

రెండవది చెరువు రొయ్య. మన రాష్ట్రంలో ఇప్పుడు పెంచే రొయ్యలలో అత్యధిక భాగం వనామి రకం. 2009లో కేంద్రం అనుమతించిన తరువాత పదేళ్ళు తిరగకుండానే ఇది పాత టైగర్ రొయ్యను పక్కకు నెట్టేసింది. అయినా మెనూల్లో ‘టైగర్ ప్రాన్స్’ అన్న పేరు అలాగే ఉండిపోయింది. పచ్చిది చూపించమని అడిగితే తేడా మీకే తెలుస్తుంది: టైగర్ రొయ్యకు ఒంటి మీద ముదురు పట్టీలు స్పష్టంగా ఉంటాయి, వనామి పాలిపోయిన బూడిదరంగులో ఉంటుంది. రెండూ మంచివే, కానీ వనామికి టైగర్ ధర ఇవ్వనవసరం లేదు. వ్యాపారంలో రొయ్య సైజును ‘కౌంట్’తో చెబుతారు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు 100. ‘ఇది ఎంత కౌంట్ అండీ’ అని మీరు అడిగిన క్షణం నుంచి ఎదుటివారు మీతో మాట్లాడే పద్ధతి మారుతుంది. వేపుడుకైతే 30, 40 కౌంట్ రొయ్య బాగుంటుంది. ఇగురుకు చిన్న రొయ్యే రుచి, మసాలా లోపలికి దిగుతుంది.

మూడవది మండ పీత. బురదనేలల్లో, మడ అడవుల కాలువల్లో దొరికే ఈ పెద్ద పీతను గంపల్లో ప్రాణంతోనే తెస్తారు. పీత విషయంలో నేను ఏ సడలింపూ ఒప్పుకోను: వండబోయే ముందు అది కదులుతూ ఉండాలి. చచ్చిన పీతలో కండ చాలా త్వరగా పాడవుతుంది, ఎంత కారం వేసినా ఆ వాసన పోదు. ప్రాణంతో ఉన్నదాన్ని తెచ్చి చూపించమనండి, చేతిలోకి తీసుకొని బరువు చూడండి, పొట్టవైపు డిప్పను బొటనవేలితో నొక్కండి. డిప్ప లోపలికి అణిగితే అది ఇటీవలే కుబుసం విడిచిన పీత, లోపల కండకు బదులు నీరే ఎక్కువ. పీత బరువులో పెద్ద భాగం డిప్పే కనుక, ఒక కిలో పీతను చూసి ఇద్దరికీ కడుపు నిండుతుందని అనుకోవద్దు.

వీటన్నిటికన్నా ఆ వారానికి సరిగ్గా తగినది మాత్రం ఎండుచేప. వేట ఆగే ఈ రెండు నెలల్లో జాలరిపేటల ఇళ్ళలో పొయ్యి మీద ఉడికేది అదే. ఎండు నెత్తళ్ళను ఎండాకాలపు పచ్చి మామిడికాయ ముక్కలతో వండినా, వంకాయలో ఎండురొయ్యలు వేసి ఇగురు పెట్టినా, అవి ఈ తీరం తరతరాలుగా కరువు రోజులను దాటిన వంటలు. పెద్ద రెస్టారెంట్లు వీటిని మెనూలో పెట్టడానికి ఎందుకో సిగ్గుపడతాయి. భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద ఉండే చిన్న భోజనశాలల్లో అడిగి చూడండి. మధ్యాహ్నం భోజనంతో పాటు ఒక గిన్నె దొరికే అవకాశం ఉంటుంది. సంప్రదాయ తెప్పలు ఒడ్డుకు దగ్గరలో పట్టిన చిన్న చేపలు, కవ్వళ్ళ వంటివి, అదృష్టముంటే అక్కడే దొరుకుతాయి. కవ్వళ్ళలో ముళ్ళు ఎక్కువ కనుక అవి మీకే, మీ మిత్రునికి కాదు.

పులస గురించి కూడా ఒక మాట, ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చే ప్రతివారూ దాన్ని అడుగుతారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత అబద్ధం కాదు గానీ, ఆ చేప గోదావరికి వరదనీరు వచ్చాక, జూలై తరువాత, సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చేది. జూన్ మొదటి వారంలో విశాఖ రెస్టారెంటులో పులస అని పెట్టారంటే అది మరో చోటి నుంచి వచ్చిన, మంచులో నిలవున్న చేప. వదిలేయండి.

ఇప్పుడు మీ మిత్రుని దద్దుర్ల విషయం. రుచి, ధర, తాజాదనం ఇవన్నీ దీని తరువాతే. రొయ్య తిన్నప్పుడు దద్దుర్లు వచ్చాయంటే అది రొయ్య కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీనుకు శరీరం చూపిన ఎలర్జీ కావడానికి చాలా అవకాశం ఉంది. ఈ ప్రోటీను ఉడికించినా వేయించినా నశించదు, కనుక ‘బాగా వేయించి ఇస్తాం, ఏమీ కాదు’ అనే మాటకు అర్థం లేదు. పీతలోనూ, లాబ్‌స్టర్‌లోనూ దాదాపు ఇదే ప్రోటీను ఉంటుంది. స్క్విడ్, గుల్లల వంటి వాటిలోనూ దీనికి దగ్గరిది ఉంటుంది. ముళ్ళున్న చేపల్లో ఎలర్జీ తెప్పించే ప్రోటీను వేరు. అందుచేత రొయ్య పడనివారిలో చాలామంది చేపను నిశ్చింతగా తినగలరు. అయితే మీ మిత్రుడు ఆ ‘చాలామంది’లో ఉన్నాడో లేదో నేను చెప్పలేను, వెయిటరూ చెప్పలేడు. ప్రయాణానికి ముందే ఎలర్జీ వైద్యుని దగ్గర పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. మొదటిసారి దద్దుర్లతో పోయింది కదా అని రెండోసారీ అంతటితో పోతుందనే భరోసా లేదు. ముందుగా ఒక ఎలర్జీ మాత్ర వేసుకొని రొయ్యలు తినవచ్చనే సలహా చాలామంది ఇస్తారు. దయచేసి దాన్ని వినవద్దు.

వైద్యుడు చేపకు అనుమతి ఇచ్చాడనుకుందాం. అప్పుడు కూడా వంటగదిలో జరిగేదాన్ని గమనించాలి. చాలా రెస్టారెంట్లలో రొయ్యలు వేయించిన నూనెలోనే చేప కూడా వేయిస్తారు, అదే పెనం మీద రెండూ కాలుతాయి. కనుక మీ మిత్రునికి వేపుడు కన్నా విడిగా గిన్నెలో చేసే పులుసు గాని, కడిగిన పెనం మీద కొత్త నూనెతో కాల్చిన చేప గాని భద్రం. వెయిటరుతో చెప్పి ఊరుకోకుండా వంటమాస్టరుతో ఒక నిమిషం మాట్లాడించమని అడగండి. రద్దీ వేళలో కుదరదు కనుక మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్ళండి. ఆయన ‘మా దగ్గర నూనె ఒకటేనండీ’ అంటే కోపం తెచ్చుకోకండి, నిజం చెప్పినందుకు ధన్యవాదం చెప్పి పులుసు తెప్పించుకోండి. పైన నేను మెచ్చుకున్న వంకాయ–ఎండురొయ్యల ఇగురు మీ మిత్రునికి పనికిరాదు, ఎండురొయ్య కూడా రొయ్యే. మీరు పీతనో రొయ్యనో చేత్తో తింటూ అదే చేత్తో అతని పళ్ళెంలో ముక్క వేయడం, ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిప్పడం చేయకూడదు. నన్నడిగితే ఆ పూట మీరూ రొయ్యలు మానుకొని, ఇద్దరూ కలిసి ఒకే చేపను పంచుకోండి. రొయ్యలు మీరు మరో పూట ఒంటరిగా తినవచ్చు. పెదవులు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే ఆలోచించకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక ‘సైజును బట్టి ధర’ గురించి. ఇందులో మోసం ఉండి తీరాలని లేదు. చేప ధర రోజురోజుకూ మారుతుంది, ఏ రెండు చేపలూ ఒకే బరువు ఉండవు, అందుకే అంకె అచ్చు వేయరు. మీరు చేయవలసిందల్లా వండక ముందే ధర తేల్చుకోవడం. చేపను పళ్ళెంలో పెట్టి మీ దగ్గరికి తెమ్మనండి. ధర కిలోకా, మొత్తం చేపకా? తూకం శుభ్రం చేయక ముందా, చేసిన తరువాతా? వేపుడు, పులుసు చేసినందుకు కూలి అందులోనే ఉందా, వేరా? ఈ సంగతులు అడిగి, మొత్తం ఎంతవుతుందో ఒక కాగితం మీద రాయించుకోండి. పొలుసు, పేగులు, మొప్పలు తీస్తే బరువు గణనీయంగా తగ్గుతుంది కనుక తూకం ఎప్పటిదన్నది చిన్న విషయం కాదు. ఇద్దరికి ముప్పావు కిలో నుంచి కిలో లోపు పండుగప్ప సరిపోతుంది. ఒక్కరే వెళ్ళినవారు ముక్కలతో సరిపెట్టుకోవాలి; ఇద్దరు వెళ్ళినప్పుడు మొత్తం చేపను చెప్పుకోవడం సాధ్యమవుతుంది, తలతో సహా వచ్చిన చేపలో వయసు దాచడం కష్టం. బిల్లులో మామూలు రెస్టారెంటుకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది, గది అద్దె రోజుకు రూ. 7,500 దాటే పెద్ద హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసివేయమని మర్యాదగా అడగవచ్చు.

చేపను మీ ముందుకు తెచ్చినప్పుడు కళ్ళు ఉబ్బెత్తుగా, నల్లగా మెరుస్తున్నాయో, లోపలికి గుంటపడి పాల రంగుకు తిరిగాయో చూడండి. మొప్ప ఎత్తి చూపించమనండి. ఎర్రగా, శుభ్రంగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టి ఉండకూడదు. వేలితో కండను నొక్కితే గుంట వెంటనే పూడుకోవాలి. వీటన్నిటికన్నా నమ్మదగినది మీ ముక్కు: తాజా చేపకు సముద్రపు గాలి వాసనే ఉంటుంది. రొయ్య తల దగ్గర నల్లబడటం మొదలైతే అది పట్టి చాలాసేపయిందనో, మంచు సరిగా వేయలేదనో గుర్తు. కొద్దిపాటి నలుపు వల్ల అది తినకూడనిదైపోదు గానీ మంచి ధరకు తగదు. సూర (ట్యూనా), కానాగంత (మాకెరెల్) వంటి చేపలను ఎండలో ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది, వండినా పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఎలర్జీ ఉన్న మీ మిత్రుడు వాటి జోలికి పోకపోవడమే మంచిది, ఎందుకంటే అప్పుడు ఏది దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం వైద్యునికీ కష్టమవుతుంది.

వంటకాల ఎంపికలో ఒక విషయం గుర్తుంచుకోండి: వేపుడు మీరు చెప్పిన తరువాత మొదలుపెట్టాలి, పులుసు మీరు రాకముందే అయి ఉండాలి. పొద్దున్న చేసి దించిన పులుసులో మధ్యాహ్నానికి చింతపండు, కారం, మెంతులు ముక్కలోకి దిగి కుదురుకుంటాయి. అప్పటికప్పుడు పది నిమిషాల్లో చేసి తెచ్చిన పులుసులో ముక్క ఒకటి, రసం ఒకటిగా ఉంటాయి. కనుక పులుసు పొద్దున్నదని చెబితే సంతోషించండి. రాత్రికి మాత్రం అదే పులుసు అడగవద్దు. మీ మిత్రుడు ఆ పులుసే తినాలనుకుంటే, అందులో పడిన చేప ఏదో, రొయ్యలతో కలిసి వండలేదు కదా అన్నది అడిగి తెలుసుకోవాలి. వేపుడుకు ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం తప్ప మరేమీ వేయవద్దని చెప్పండి. ఎర్రని రంగు, కార్న్‌ఫ్లోర్ పూత కింద ఏ చేపైనా ఒకేలా ఉంటుంది. సరుకు మీద నమ్మకం ఉన్న వంటమాస్టరు ఈ కోరికకు సంతోషిస్తాడు. అపోలో ఫిష్, ఫిష్ ఫింగర్స్ వంటివి హైదరాబాదులోనే తినండి. వాటికి వాడేది ఎక్కువగా ముల్లులేని బాసా ముక్కలు, వాటి కోసం విశాఖ దాకా రానవసరం లేదు.

ఈ భోజనాన్ని మధ్యాహ్నానికే పెట్టుకోండి. రాత్రి పొద్దుపోయాక బరువుగా తిని, మర్నాడు తెల్లవారకముందే లేచి అరకు రైలెక్కడం ఇద్దరికీ ఇబ్బంది. ఏదైనా పడకపోయినా మధ్యాహ్నమైతే నగరంలో, ఆసుపత్రులకు దగ్గరలో ఉంటారు, ఘాట్ రోడ్డులో కాదు. ఓపిక ఉంటే ఆ పొద్దున్నే ఫిషింగ్ హార్బరు వైపు ఒకసారి వెళ్ళి రండి. నిషేధ కాలంలో వేలంపాట సందడి ఉండదు గానీ, వరుసగా కట్టేసిన పడవలు, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు కనిపిస్తారు. మధ్యాహ్నం మెనూలో ‘రేవు నుంచి తాజాగా’ అని కనిపిస్తే ఎంతవరకు నమ్మాలో అప్పుడు మీకు నా సాయం అక్కర్లేదు.

మీ తేదీలు ఇంకా ఖరారు కాకపోతే, ప్రయాణాన్ని జూన్ చివరి వారానికి జరపమని నా సలహా. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిశాక చిన్న మోటారు బోట్లు ఒకటి రెండు రోజుల్లోనే చేపతో తిరిగి వస్తాయి, కానీ పెద్ద మరపడవలు రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వేటాడతాయి కనుక వాటి మొదటి సరుకు దిగడానికి మరికొంత సమయం పడుతుంది. అప్పుడు కోనాం, చందువ, గులివింద అన్నీ ఒక్కసారిగా రేవుకు వస్తాయి. తేదీలు మార్చలేకపోతే పండుగప్ప పులుసు, పెనం మీద కాల్చిన పండుగప్ప, వేడి అన్నం చెప్పుకోండి. మీ మిత్రుని పరీక్ష ఫలితం వచ్చాక వైద్యుడు ఏమన్నాడో రాస్తే, దానికి తగినట్టు ఈ జాబితాలో ఏది తీసివేయాలో చెబుతాను.